మీద ఒక గేటు, కింద ఎన్నో చెరువులు: తీరు వేరైన ఏజెంట్ల నెట్‌వర్క్ మన అదుపులో ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?

మల్యాల దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిన హంద్రీ-నీవా నీరు పంపు తర్వాత పంపు ఎక్కుతూ అనంతపురం జిల్లాలో జీడిపల్లి చేరుతుంది. అక్కడి నుంచి కాలువలు, తూములు, చెరువులు, కుంటలు. ఇందులో ఏ రెండూ ఒక తీరున నడవవు. పంపు నిమిషాల్లో స్పందిస్తుంది, కాలువకు గంటలు పడుతుంది, చెరువు మట్టం మారాలంటే వారాలు కావాలి. వీటి మధ్య లస్కరు (కాలువ కాపలా ఉద్యోగి), నీరుగట్టి (ఊళ్లో నీరు పంచేవాడు), ఆయకట్టు రైతు తమ అవసరాన్ని బట్టి షట్టర్లు ఎత్తుతూ దించుతూ ఉంటారు. ఇలా తీరుతెన్నులు వేరైన ఏజెంట్లు (సొంత తీరున నడిచే భాగాలు, అవి చెరువులైనా మనుషులైనా) ఒకరినొకరు ప్రభావితం చేసుకునే నెట్‌వర్క్‌లో మన చేతిలో ఉన్నది మీద ఒక్క గేటే అనుకోండి. దాన్ని ఆడించి కింది చెరువులన్నిటినీ మనం కోరిన మట్టాలకు తేగలమా?

ఈ ప్రశ్నకు గణితంలో స్పష్టమైన రూపం ఉంది. 1960లో ఇంజనీరు, గణితవేత్త రుడాల్ఫ్ కాల్మన్ దానికి నియంత్రణీయత అనే భావనను స్థిరపరిచాడు. వ్యవస్థ ఏ స్థితిలో ఉన్నా, మన ఇన్‌పుట్‌లతో, పరిమిత సమయంలో, కోరిన ఏ స్థితికైనా తేగలిగితే అది నియంత్రణీయం. డ్రోన్ల గుంపుకైనా, కరెంటు గ్రిడ్‌కైనా ఇదే నిర్వచనం. చెరువులతో చెప్పడానికి కారణం, రాయలసీమలో ఈ లెక్క తప్పితే చివరి ఆయకట్టు ఎండుతుంది కాబట్టి. ఇంటర్ స్థాయి మాత్రికలు, నిర్ధారకాలు గుర్తుంటే ఈ వ్యాసాన్ని కాగితం, పెన్సిలుతో అనుసరించవచ్చు.

మొదటి అడుగు: బొమ్మ గీయండి, బాణాలు సరిగా పెట్టండి

ప్రతి చెరువు, కుంట, పంపు, కాలువ భాగం ఒక చుక్క. ఒకదాని స్థితి మారితే ఇంకొకటి మారుతుందంటే మొదటి దాని నుంచి రెండో దానికి బాణం. నీరు పల్లానికే పోతుంది కాబట్టి బాణాలన్నీ కిందికే ఉంటాయని అనిపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. బాణం చూపేది నీటి దారిని కాదు, ప్రభావం దారిని. చివరి ఆయకట్టు రైతు ఫోను చేసి “మా చెరువు అడుగంటింది” అంటే లస్కరు పై తూము షట్టర్ ఎత్తుతాడు. అప్పుడు కింది చెరువు మట్టం పై చెరువును కదిలించింది, అంటే కింది నుంచి పైకి ఒక బాణం ఉంది. ఈ ఫోను బాణాలు ఏ ఇంజనీరింగ్ పటంలోనూ కనపడవు. కాలువ వెంట నడిచి, మనుషులతో మాట్లాడితేనే తెలుస్తాయి. వాటిని వదిలేసి చేసిన లెక్క పటానికి సరిపోతుంది గానీ ఊరికి సరిపోదు.

బొమ్మ పూర్తయ్యాక మొదటి పరీక్ష: మన గేటు నుంచి బాణాల వెంట పోతే ప్రతి చుక్కనూ చేరగలమా? చేరలేని చుక్క ఒక్కటి ఉన్నా వ్యవస్థ మొత్తంగా నియంత్రణీయం కాదు. వాన నీటితోనే నిండే, కాలువ తగలని కుంటలు ఈ కోవలోకి వస్తాయి. వాటిని పక్కన పెట్టి మిగతావాటితో ముందుకు సాగండి.

రెండో అడుగు: ఒక్కో ఏజెంటుకు తన సొంత సమీకరణం

పంపు స్టేషన్‌కు రెండు సంఖ్యలు కావాలి, సంపులో మట్టం, పైపులో ప్రవాహం. కాలువ భాగంలో ఆలస్యం ఉంటుంది. దాన్ని వరసగా కట్టిన చిన్న చిన్న మడుగులుగా ఊహించుకోవచ్చు. నీరు చేరడానికి 8 గంటలు పడితే, ఒక్కొక్కటి 2 గంటల నిడివి గల 4 మడుగులు పెడితే సాధారణంగా సరిపోతుంది. చెరువుకు ఒక్క సంఖ్య చాలు, అనుకున్న మట్టం కంటే ఎంత ఎక్కువ లేదా తక్కువ ఉందన్నది.

ఇక్కడ ఒక సలహా. నిమిషాల పంపును, వారాల చెరువును ఒకే మాత్రికలో కుక్కితే కంప్యూటర్ లెక్క నమ్మదగ్గదిగా ఉండదు, సంఖ్యల మధ్య తేడా మరీ పెద్దదవుతుంది. వారాల ప్రశ్న వేస్తున్నప్పుడు పంపు, కాలువ తక్షణమే స్పందిస్తాయనుకోండి, వాటిని గేటు ఇన్‌పుట్‌లో కలిపేయండి. పంపు ప్రశ్న వేస్తున్నప్పుడు చెరువు మట్టాన్ని స్థిరం అనుకోండి.

చెరువు సమీకరణంలో అసలైన సంఖ్య ఒకటుంది. మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే తూము గుండా రోజుకు అదనంగా ఎంత నీరు పోతుందో చూసి, దాన్ని ఆ ఒక్క సెంటీమీటరులో నిలిచే నీటితో భాగించాలి. 10 హెక్టార్ల చెరువులో సెంటీమీటరు అంటే 1,000 ఘనపు మీటర్లు. తూము అదనంగా రోజుకు 100 ఘనపు మీటర్లు వదిలితే ఆ నిష్పత్తి 0.1. దీన్ని చెరువు వేగం అందాం. వేగం 0.1 అయిన చెరువులో ఎక్కువైన మట్టం దానంతటదే సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది, 0.05 అయితే 14 రోజులు. పొలంలో కొలవడానికి ఇదే తేలిక దారి. పైనుంచి వచ్చే నీటిని స్థిరంగా ఉంచి, మట్టం కర్ర రోజూ చూసి, అదనపు మట్టం సగానికి దిగడానికి ఎన్ని రోజులు పట్టిందో రాసుకుని, 0.693ను ఆ రోజులతో భాగించండి. ఎండాకాలంలో ఆవిరి నష్టాన్ని విడిగా తీసేయాలి.

ఈ నిష్పత్తి మీద చూపు మన ప్రాంతానికి కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను లెక్కపెట్టింది. ఆ దోషాల్లో నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒకటి, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం ఇంకొకటి.

మూడో అడుగు: అన్నిటినీ ఒకే మాత్రికలో కుట్టండి

లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు ఎంచుకుని ఒక ఉదాహరణ చేద్దాం. పైన 10 హెక్టార్ల కుంట, దానికి గేటు. కుంట మట్టం సెంటీమీటరు పెరిగితే రోజుకు అదనంగా 500 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. ఆ నీరు సమానంగా చీలి ఎడమ చెరువుకు 250, కుడి చెరువుకు 250 చేరుతుంది. ఎడమ చెరువు 10 హెక్టార్లు, తూము సెంటీమీటరుకు 100 వదులుతుంది. కుడి చెరువు 20 హెక్టార్లు, తూము 200 వదులుతుంది. గేటు అదనపు నీటిని ‘గ’ అందాం, రోజుకు వెయ్యి ఘనపు మీటర్ల లెక్కన. మట్టాలు వరసగా మ1, మ2, మ3.

మ1 మారే వేగం = −0.5 × మ1 + గ
మ2 మారే వేగం = 0.25 × మ1 − 0.1 × మ2
మ3 మారే వేగం = 0.125 × మ1 − 0.1 × మ3

కుడి చెరువు ఎడమదానికి రెండింతలు, తూమూ రెండింతలు. చూపుకు రెండూ పూర్తిగా వేరు. మాత్రికలో మాత్రం రెండిటి వేగం 0.1. తర్వాతి అడుగు తేల్చేది ఈ పోలికనే.

నాలుగో అడుగు: కాల్మన్ పరీక్ష

ఇన్‌పుట్ నిలువు వరసను (మూడు సమీకరణాల్లో ‘గ’ గుణకాలు: 1, 0, 0) తీసుకోండి, దాన్ని వ్యవస్థ మాత్రికతో (మ1, మ2, మ3 గుణకాల పట్టికతో) గుణించండి, వచ్చినదాన్ని మళ్లీ గుణించండి. మూడు సంఖ్యల వ్యవస్థకు మూడు నిలువు వరసలు చాలు. వాటిని పక్కపక్కన పేరిస్తే:

పై కుంట: 1, −0.5, 0.25
ఎడమ చెరువు: 0, 0.25, −0.15
కుడి చెరువు: 0, 0.125, −0.075

ఎడమ చెరువు అడ్డువరస కుడి చెరువు వరసకు సరిగ్గా రెండింతలు. నిర్ధారకం సున్న, ర్యాంకు (ఒకదాని నుంచి ఇంకొకటి రాని వరసల సంఖ్య) 2. అంటే మీద గేటును ఎంత తెలివిగా ఆడించినా ఈ రెండు చెరువులను విడివిడిగా మన మాట వినిపించలేం. ఎందుకో నేరుగా చూడవచ్చు. మ2 లోంచి మ3 రెండింతలు తీసేసి, ఆ తేడా ఎలా మారుతుందో రాయండి. మ1 కొట్టుకుపోతుంది, గేటు ఆ సమీకరణంలో ఎక్కడా లేదు. తేడా తనంతట తానే రోజుకు 0.1 వేగంతో తగ్గుతుంది, అంతే.

కుడి చెరువు తూమును కొంత మూసి సెంటీమీటరుకు 100 మాత్రమే వదిలేలా చేయండి. దాని వేగం 0.05 అవుతుంది, చివరి వరసలో −0.075 బదులు −0.06875 వస్తుంది. నిర్ధారకం 0.0015625. సున్న కాదు కాబట్టి ఇప్పుడు అదే ఒక్క గేటుతో మూడు మట్టాలూ మన చేతిలోకి వచ్చాయి.

అక్షరాలతో చేస్తే ఈ ఆకారానికి నిర్ధారకం ఇది (బలం అంటే ఆ చెరువు సమీకరణంలో మ1 గుణకం): ఎడమకు పోయే బలం × కుడికి పోయే బలం × (ఎడమ వేగం − కుడి వేగం). నీటిని ఎడమకు ఎక్కువ, కుడికి తక్కువ పంచినా ఫలితం మారదు. పంపకంలో తేడా పనికిరాదు, చెరువుల సొంత నడకలో తేడా కావాలి. అంతా ఒకే తీరున ఉంటే నిర్వహణ తేలికని అధికారులూ రైతు సంఘాలూ తరచూ అనుకుంటారు. నియంత్రణ కోణంలో ఏజెంట్ల మధ్య తేడాలు మనకు చేతికర్రలు, వాటిని చదును చేసేముందు ఈ లెక్క చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఐదో అడుగు: బొమ్మను బట్టే చెప్పగలిగేదెంత?

వందల చుక్కల నెట్‌వర్క్‌లో ప్రతి సంఖ్యనూ కొలవలేం. అందుకే 1974లో లిన్ అనే పరిశోధకుడు నిర్మాణపరమైన నియంత్రణీయత అనే దారి చూపాడు. సంఖ్యలు తెలియకపోయినా, బాణాల అమరికను బట్టే, దాదాపు అన్ని సంఖ్యలకూ వ్యవస్థ నియంత్రణీయమో కాదో తేల్చవచ్చు. 2011లో ల్యూ, స్లోటిన్, బరబాసి ‘నేచర్’ పత్రికలో దీన్ని పెద్ద నెట్‌వర్క్‌లకు తెచ్చారు. ఒక చుక్క నుంచి ఒక బాణం, ఒక చుక్కకు ఒక బాణం మించకుండా ఎన్ని బాణాలు ఎంచుకోగలమో గరిష్ఠంగా చూసి, చుక్కల సంఖ్యలోంచి తీసేస్తే ఎన్ని చోట్ల చేయి పెట్టాలో వస్తుంది (కనీసం ఒకటి). మన మూడు చుక్కల బొమ్మలో ఒక్క బాణమే ఎంచుకోగలం, 3లో 1 పోతే 2. రెండు గేట్లు కావాలన్నమాట.

2012లో కోవన్, ఆయన సహచరులు దీన్ని ప్రశ్నించారు. ఆ లెక్కలో చుక్కకు సొంత గతి లేదు. ప్రతి చుక్క నుంచి తనకే ఒక బాణం గీస్తే, అంటే దేనికైనా తనంతట తాను తగ్గే గుణం ఉంటే, నిర్మాణపరంగా ఒకే ఇన్‌పుట్ చాలవచ్చు. చెరువుల విషయంలో నేను వీరి వైపే. ప్రతి చెరువుకూ తూము, ఆవిరి ఉన్నాయి, సొంత గతి లేని చెరువు లేదు. అయితే నిర్మాణ పరీక్ష సంఖ్యలన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుంటుంది. మన ఉదాహరణలో బొమ్మ ‘అవును’ అంది, 0.1 రెండుసార్లు రావడంతో లెక్క ‘కాదు’ అంది. అలాంటప్పుడు 2013లో వచ్చిన కచ్చిత నియంత్రణీయత సూత్రం వాడండి: ఒక్కో ఐగెన్ విలువకు (వ్యవస్థ సొంత కదలిక పెరిగే లేదా తగ్గే వేగానికి) స్వతంత్రమైన ఐగెన్ సదిశలు (ఆ వేగంతో నిష్పత్తి మారకుండా కదిలే మట్టాల కలయికలు) ఎన్నో చూసి, వాటిలో గరిష్ఠం తీసుకుంటే అదే కావాల్సిన కనీస ఇన్‌పుట్‌ల సంఖ్య. −0.1కు రెండు ఉన్నాయి, కాబట్టి రెండు ఇన్‌పుట్‌లు.

ఆరో అడుగు: అన్నీ వేరైనా అదుపు తప్పే చోటు

తేడా ఉంటే చాలు అనుకుంటే మళ్లీ దెబ్బతింటాం. ఈ అడుగును ఎవరూ దాటేయకూడదు.

పైన 20 హెక్టార్ల పెద్ద చెరువు, వేగం 0.1. కింద 10 హెక్టార్ల చెరువు, వేగం 0.2. ఒక గేటు నీటిలో సగం పెద్ద చెరువుకు, సగం పక్క కాలువ గుండా నేరుగా కింది చెరువుకు పోతుంది. పెద్ద చెరువు తూము నీరు కూడా కింది చెరువుకే చేరుతుంది.

పై మట్టం మారే వేగం = −0.1 × పై మట్టం + 0.25 × గ
కింది మట్టం మారే వేగం = 0.2 × పై మట్టం − 0.2 × కింది మట్టం + 0.5 × గ

పరిమాణాలు వేరు, వేగాలు వేరు. అయినా కింది మట్టంలోంచి పై మట్టం రెండింతలు తీసేస్తే గేటు పూర్తిగా రద్దవుతుంది. మిగిలిన తేడా తనంతట తానే 0.2 వేగంతో తగ్గుతుంది. రెండు దారుల్లో వచ్చిన నీరు ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కప్పేసింది. ఏజెంట్లు వేరైన నెట్‌వర్క్‌లలో ఈ తరహా చిక్కు బొమ్మలో కనపడదు, విడివిడిగా ఏజెంట్లను పరిశీలించినా కనపడదు. ఒక్కో ఏజెంటు నియంత్రణీయమైనా మొత్తం కాకపోవచ్చు, విడిగా కానిది కూడా ఇరుగుపొరుగుల బాణాల వల్ల కావచ్చు.

దీన్ని పట్టుకోవడానికి పోపొవ్, బెలెవిచ్, హాటస్ పేర్లతో ఉన్న పరీక్ష ఉత్తమం. ప్రతి ఐగెన్ విలువకు ఎడమ ఐగెన్ సదిశను (మాత్రికను ఎడమ నుంచి గుణించినా నిష్పత్తి మారని అడ్డువరసను) కట్టండి; ఒకే విలువకు రెండు ఉంటే వాటి కలయికలనూ చూడండి. దాన్ని ఇన్‌పుట్ నిలువు వరసతో గుణిస్తే సున్న వచ్చిందంటే ఆ కదలిక మన గేటుకు అందదు. కాల్మన్ పరీక్ష ‘కాదు’ అని ఊరుకుంటుంది, ఇది ఏ చెరువుల ఏ కలయిక అందడం లేదో చూపిస్తుంది. పొలంలో మనకు కావాల్సింది అదే.

ఏడో అడుగు: అందని కదలికను ఏం చేయాలి

ముందు అది దానంతటదే చల్లబడేదా అని చూడండి. పైన చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ అందని తేడా రోజులు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. కొన్ని వారాలు ఆగగలిగితే దాన్ని వదిలేయవచ్చు. తగ్గకుండా నిలిచిపోయే కదలిక అయితే ఊరుకోకూడదు. ఇంకో ప్రశ్న, మనకు నిజంగా అన్ని మట్టాలూ కావాలా? కుడి చెరువు కింద వేరుశనగ కోత అయిపోయి ఎడమ చెరువు కింద వరి ఉందనుకుంటే ఎడమ మట్టం ఒక్కటి చేతిలో ఉంటే చాలు. ఆ ఒక్కదానికి మొదటి అమరిక కూడా సరిపోతుంది. అవసరమైన అడ్డువరసలకే ర్యాంకు చూడండి.

తప్పనిసరైతే మూడు మార్గాలు ఉన్నాయి. ఒక తూము అమరిక మార్చి వేగంలో తేడా తేవడం అన్నిటికంటే చవక. రెండోది చెరువుల మధ్య లింకు కాలువ. మట్టాల తేడాను బట్టి నీరు అటూ ఇటూ పోయే లింకు మన 10, 20 హెక్టార్ల జంటకు పనిచేస్తుంది, నిర్ధారకం సున్న దాటుతుంది. విస్తీర్ణం, తూము, వచ్చే నీరు అన్నీ సమానమైన అచ్చు జంటకు మాత్రం అదే లింకు ఏ ఉపకారమూ చేయదు. అద్దంలో బొమ్మలా రెండు వైపులూ ఒకటే కావడంతో గేటుకు ఎడమా కుడీ తెలియవు. ఒకవైపే పనిచేసే బాణం, అంటే ఎడమ మట్టం చూసి కుడి తూము కదిపే లస్కరు ఉంటే, అచ్చు జంట కూడా విడిపోతుంది. మూడోది కుడి చెరువుకు సొంత గేటు. ఖర్చెక్కువ, కానీ లెక్కలో సందేహానికి చోటుండదు.

ఎనిమిదో అడుగు: ‘అవును’ అన్నాక శ్రమ కొలవండి

ర్యాంకు అవును, కాదు మాత్రమే చెబుతుంది. ఎంత కష్టమో చెప్పదు. మొదటి ఉదాహరణలో కుడి వేగం 0.05 అయినప్పుడు, నాలుగో అడుగులో చూసిన తేడాను (మ2 లోంచి మ3 రెండింతలు తీసేసినది) గేటు బలంతో రోజుకు 1 సెంటీమీటరు కదపాలంటే కుడి మట్టాన్ని 10 సెంటీమీటర్లు జరిపితే సరి. కుడి వేగం 0.098 అనుకోండి. నిర్ధారకం ఇంకా సున్న కాదు, పరీక్ష పాసైంది. కానీ అదే 1 సెంటీమీటరు కోసం మట్టం 250 సెంటీమీటర్లు మారాలి. మన కుంటల్లో అది మరవ మీదుగా పొర్లిపోవడమో, అడుగు ఎండిపోవడమో అవుతుంది. కాబట్టి కంప్యూటర్ వాడేటప్పుడు ర్యాంకు ఆదేశాన్ని నమ్మి ఆగకండి, కాల్మన్ మాత్రిక సింగ్యులర్ విలువలు (మాత్రిక ఒక్కో దిశలో ఎంత సాగదీస్తుందో చెప్పే సంఖ్యలు) అడగండి. అతి చిన్నది అతి పెద్దదానిలో లక్షో వంతు ఉంటే కాగితం మీద నియంత్రణీయం, కట్ట మీద కాదు అనుకోవడం మేలు. సమయం, నీటి పరిమాణంతో సహా శ్రమ తెలియాలంటే గ్రామియన్ అనే మాత్రిక కట్టాలి. దాని అతి చిన్న ఐగెన్ విలువ ఎంత చిన్నదైతే ఆ దిశలో కదలడానికి అంత ఎక్కువ ఇన్‌పుట్ ఖర్చు.

ఇంకో హద్దు ఉంది. ఈ పరీక్షలన్నీ గేటు నీటిని పెంచగలదు, తగ్గించగలదు అనే ఊహ మీద నడుస్తాయి. మామూలుగా వదిలే నీరు సున్న అయితే తగ్గించడానికేమీ ఉండదు, కాలువ నిండుగా పారుతుంటే పెంచడానికి ఉండదు. మధ్యస్థంగా పారే కాలువలోనే లెక్క చెప్పినంత పట్టు దొరుకుతుంది.

కొలతల మీద చివరి మాట. చెరువు వేగాలు ఏటా మారతాయి. పూడిక చేరితే విస్తీర్ణం, తూము ముందు ముళ్లకంప పెరిగితే ప్రవాహం తగ్గుతాయి. నిరుడు వేరుగా ఉన్న రెండు వేగాలు ఈ ఏడు దగ్గరపడి ఉండవచ్చు. నైరుతి వానలు వెనక్కి తగ్గి చెరువుల్లో నీరు నిలకడ పట్టాక ఒకసారి, రబీ తడులు మొదలయ్యే ముందు ఇంకోసారి మట్టం కర్ర లెక్కలు తీసి రెండో అడుగు నుంచి మళ్లీ చేయండి.